నల్లమల పులుల అడవి, దాని ఒడిలోని క్షేత్రాలు: వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లమల అభయారణ్యం అంటే ఏది? శ్రీశైలం అందులోకి వస్తుందా?

కృష్ణానదికి రెండు పక్కలా ఉన్న కొండల అడవి నల్లమల. 1978లో దీన్ని అభయారణ్యంగా, 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటి విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పులుల అభయారణ్యాల్లో అదే పెద్దదిగా ఉండేది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు అడవి కూడా రెండైంది. కృష్ణకు దక్షిణాన ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. ఉత్తరాన నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉన్నది తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులికి ఈ సరిహద్దు తెలియదు, కానీ యాత్రికుడికి తెలియాలి. అనుమతి, సఫారీ, బస ఏ రాష్ట్రంలో కావాలంటే ఆ రాష్ట్ర అటవీశాఖ దగ్గరే తీసుకోవాలి. ఒక వైపు తీసుకున్న టికెట్ రెండో వైపు చెల్లదు.

శ్రీశైలం పట్టణం ఈ అడవి నడిబొడ్డున ఉంది. ఏ వైపు నుంచి బయల్దేరినా పులులు తిరిగే అడవి దాటకుండా మల్లన్న దగ్గరికి చేరలేరు. చాలామంది దీన్ని గుడికి వెళ్లే దారి అనుకుని బండి తోలతారు. వచ్చే ఇబ్బందుల్లో సగం అక్కడే మొదలవుతాయి.

చుట్టుపక్కల చూడాల్సిన క్షేత్రాలు ఏవి? ఏది ఎంత లోపల?

తారు రోడ్డు మీదుగా నేరుగా వెళ్లగలిగేవి: శ్రీశైలం, మహానంది, దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్పే త్రిపురాంతకం (తూర్పు), సిద్ధవటం (దక్షిణం), అలంపురం (పడమర), ఉమామహేశ్వరం (ఉత్తరం) అడవి అంచుల్లోనో దానికి కాస్త దూరంలోనో ఉన్నాయి. వీటికి అటవీశాఖ అనుమతి అవసరం లేదు.

అడవి లోపలివి వేరు. ఇష్టకామేశ్వరి, సలేశ్వరం, అహోబిలంలోని పావన నరసింహస్వామి, భీముని కొలను నడకదారి ఈ కోవలోకి వస్తాయి. వీటిలో కొన్నింటికి జీపులోనే వెళ్లాలి, కొన్నింటికి ఏడాదిలో కొన్ని రోజులే దారి తెరుస్తారు. అన్నీ ఒకే యాత్రలో చుట్టేయాలని పట్టిక రాసుకుంటే ఏదీ తృప్తిగా చూడలేరు. ముందు గేట్ల వేళలు, కాలం చూసుకోండి. ఏ గుళ్లు కుదురుతాయో ఆ తర్వాత లెక్కేసుకోండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మీరు దేనికోసం వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు పులుల అభయారణ్యాల లోపలి పర్యాటకం ఆపేస్తారు. వానలకు మట్టిదారులు కోసుకుపోతాయి, జంతువులు జతకట్టే కాలం కూడా అదే. ఈ మూడు నెలల్లో సఫారీ, ఇష్టకామేశ్వరి లాంటివి పెట్టుకోకండి. రోడ్డు మీది గుళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తేది కూడా ఎక్కువగా ఈ కాలంలోనే. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, గేట్లు 12. గేట్లు ఎత్తారని వార్త రాగానే శని, ఆదివారాల్లో డ్యాం దగ్గర ఘాట్ మీద వాహనాలు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి. చూడాలనుకుంటే మామూలు రోజున, పొద్దున పదింటిలోపే డ్యాం దాటేలా వెళ్లండి.

కార్తీకంలో అడవి పచ్చగా, వాగులు నిండుగా ఉంటాయి, కానీ సోమవారాలు, పౌర్ణమి నాడు శ్రీశైలంలో గది దొరకదు. కార్తీకం వెళ్లాక మహాశివరాత్రికి ముందు వరకు ఉన్న రోజులు అన్నిటికన్నా హాయి. రాత్రుళ్లు చలిగా ఉంటుంది, స్వెట్టర్ ఉంచుకోండి.

జంతువులు కనిపించాలంటే మార్చి నుంచి మే. ఆకు రాలి అడవి పలచబడుతుంది, నీళ్లు కొన్ని చోట్లే మిగులుతాయి. అటవీశాఖ వాళ్లు ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల దగ్గరికి జంతువులు వస్తాయి. ఎండ మాత్రం 40 డిగ్రీలు దాటుతుంది. పసిపిల్లలతో, గుండె జబ్బున్న పెద్దవాళ్లతో ఈ నెలల్లో కొండ దారులు పెట్టుకోవద్దు.

చెక్‌పోస్టులు ఎప్పుడు మూస్తారు? కాస్త ఆలస్యమైతే వదులుతారా?

రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి రోడ్డు మూసేస్తారు. హైదరాబాద్ వైపు మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టులు. మార్కాపురం, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు దోర్నాల. ఆత్మకూరు–దోర్నాల దారిలో కూడా రాత్రి ఆంక్షలు ఉంటాయి. శివరాత్రి లాంటి రోజుల్లో సడలింపు ఇస్తే ముందుగా ప్రకటిస్తారు. మిగతా రోజుల్లో అంబులెన్సు లాంటి అత్యవసరం తప్ప వదలరు, బతిమాలి లాభం లేదు.

కారణం తెలిస్తే ఈ నియమం మీద విసుగు రాదు. చిరుత, ఎలుగుబంటి, ముళ్లపంది, అడవిపిల్లి, అలుగు, అన్నీ రాత్రిపూట తిరిగేవే. రోడ్డుకు ఒక పక్క మేత, రెండో పక్క నీళ్లు ఉంటే రాత్రికి రెండుసార్లు రోడ్డు దాటాలి. హెడ్‌లైటు కళ్లలో పడితే జంతువు పారిపోకుండా ఉన్నచోటే బిగుసుకుపోతుంది.

9కి మూస్తారు కదా అని 8:50కి మన్ననూరు చేరేలా లెక్క వేసుకోవద్దు. గేటు దాటాక కూడా శ్రీశైలం దాకా రెండు గంటల ప్రయాణం ఉంది. అదంతా చీకట్లో, మలుపుల్లో, ఫోన్ సిగ్నల్ లేని చోట్ల. సాయంత్రం 5కల్లా మన్ననూరు దాటండి. దోర్నాల వైపు నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, గంటన్నర పడుతుంది. అక్కడ 6 లోపు దాటితే చాలు.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్ నుంచి కడ్తాల్, కల్వకుర్తి, డిండి, మన్ననూరు, దోమలపెంట మీదుగా శ్రీశైలం 215 కిలోమీటర్ల పైచిలుకు. ఆగుతూ వెళ్తే ఆరు గంటలు. విజయవాడ, గుంటూరు వైపు వాళ్లు మార్కాపురం, దోర్నాల మీదుగా రావాలి. రైలులో వచ్చేవాళ్లకు దగ్గరి స్టేషన్ మార్కాపూర్ రోడ్. అక్కడి నుంచి బస్సులున్నాయి. మహానంది, అహోబిలం చూడాలంటే నంద్యాలలో దిగడం మేలు. మహానంది అక్కడికి 15 కిలోమీటర్లే. అహోబిలానికి ఆళ్లగడ్డ మీదుగా వెళ్లాలి.

గుంటూరు–నంద్యాల లైనులో గిద్దలూరు దాటాక దిగువమెట్ట, చలమ, గాజులపల్లె స్టేషన్ల మధ్య రైలు నల్లమల లోపలి నుంచే పోతుంది. పగటి రైలు దొరికితే కిటికీ పక్కన కూర్చోండి. కారులో వచ్చినవాళ్లకు ఈ దృశ్యం దొరకదు.

ఘాట్ రోడ్డు మీద సొంత కారు నడపడం కష్టమా?

రోడ్డు బాగుంటుంది. అలవాటు లేనివాళ్లకు ఇబ్బంది వచ్చేది దిగేటప్పుడు. మన్ననూరు వైపు నుంచి వస్తే కృష్ణ లోయలోకి డ్యాం దాకా దిగి, మళ్లీ సుండిపెంట వైపు ఎక్కాలి. దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. ఆపైన పెడల్ మెత్తబడి, ఎంత తొక్కినా బండి ఆగదు. ఎక్కడానికి ఏ గేరు వాడతారో దిగడానికీ అదే గేరు, అంటే రెండో గేరు, నిటారు చోట మొదటిది. ఆటోమేటిక్ కారైతే మాన్యువల్ మోడ్‌లోకి మార్చుకోండి. న్యూట్రల్‌లో జారనివ్వడం, ఇంజన్ ఆపేయడం ప్రాణాల మీదికి తెస్తాయి. కాలిన వాసన వస్తే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపి అరగంట చల్లారనివ్వండి. వేడిగా ఉన్న డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర పోతాయి.

ట్యాంకు మన్ననూరుకు ముందే, అటు దోర్నాలకు ముందే నింపుకోండి. మ్యాపు ఫోన్లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. పిల్లలకు కడుపులో తిప్పుతుంది, ఎక్కేముందు పూరీలు, వడలు పెట్టకుండా ఇడ్లీతో సరిపెట్టండి. వాంతి కోసం కవరు చేతికందేలా ఉంచండి. అడవి మధ్యలో బండి ఆపి పిల్లల్ని కిందికి దించే అవసరం రాదు.

సఫారీలు ఎక్కడ ఉన్నాయి?

తెలంగాణ వైపు మన్ననూరు దాటాక ఫర్హాబాద్. అటవీశాఖ బండిలో వ్యూ పాయింట్ దాకా తీసుకెళ్తారు. అక్కడి నుంచి కింద పరుచుకున్న మైదానం కనుచూపు మేర కనిపిస్తుంది. మన్ననూరులో రాత్రి బసతో కలిపి ప్యాకేజీలు ఉంటాయి. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, శని, ఆదివారాలవి త్వరగా అయిపోతాయి.

ఆంధ్ర వైపు దోర్నాల–శ్రీశైలం రోడ్డు మీద తుమ్మలబైలు, ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల–గిద్దలూరు రోడ్డు మీద పచ్చర్ల. బైర్లూటి, పచ్చర్లలో బస కూడా ఉంది. గుడి హడావుడి లేకుండా అడవినే చూడాలనుకునేవాళ్లకు ఈ రెండూ మా మొదటి సిఫార్సు.

మొదటి ట్రిప్పో చివరి ట్రిప్పో తీసుకోండి. మధ్యాహ్నం పదకొండుకు ఎక్కితే చెట్లు తప్ప ఏమీ కనిపించవు. ఎరుపు, తెలుపు, పసుపు బట్టలు వద్దు. సెంటు, అగరుబత్తి వాసన పట్టిన బట్టలు కూడా వద్దు. గుడి నుంచి నేరుగా సఫారీకి వచ్చేవాళ్లు ఇది మర్చిపోతారు.

పులి కనిపిస్తుందా?

కనిపించడం అరుదు. ఇది గడ్డి మైదానాల అడవి కాదు. కొండలు, లోయలు, వెదురు పొదలు, నల్లమద్ది, ఏగి, చిరుమాను, టేకు చెట్లు. పది అడుగుల దూరంలో పులి పడుకుని ఉన్నా తెలియదు. పులి కోసమే వస్తే ఎక్కువసార్లు నిరాశతో వెనక్కి వెళ్తారు. చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, కొండముచ్చులు, అడవిపందులు, నెమళ్లు బాగానే కనిపిస్తాయి. అదృష్టముంటే రేచుకుక్కల గుంపు.

పులి జాడ పట్టుకోవడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. మట్టిదారి పక్కన మెత్తటి దుమ్ములో అడుగులు చూడండి. నాలుగు వేళ్లు, వెనక పెద్ద మెత్త. గోళ్ల గుర్తు పడితే అది కుక్క జాతిదో దుమ్ములగొండిదో. పులి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి గోటి గుర్తు పడదు. మెత్త వెనక అంచున మూడు గుండ్రటి ఉబ్బులు ఉంటాయి. అరచెయ్యి అంత ఉంటే పులిది, సగముంటే చిరుతది. అడుగు అంచులు పదునుగా ఉండి, మీద ఆకు, చీమల గీత లేకపోతే అది ఆ పొద్దుటిదే. చెట్టు బెరడు మీద మనిషి ఎత్తుకు పైన నిలువుగా గీరిన గీతలు కూడా ఉంటాయి.

ఇక చెవులు. ముందు చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు గట్టిగా అరుస్తుంది. తర్వాత దుప్పి కూత. ఈ రెండూ చిరుతకు, కొత్త మనిషికి కూడా అరుస్తాయి. కణుజు కాలు నేలకేసి కొట్టి, గొంతు పగిలేలా ఒక్కో కూత వేస్తోందంటే పెద్ద జంతువు దగ్గర్లో ఉన్నట్టే. బండి ఆపించి పది నిమిషాలు మాట లేకుండా కూర్చోండి. జనం ఆ పది నిమిషాలు ఓపిక పట్టరు.

సలేశ్వరం ఎప్పుడు తెరుస్తారు?

చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ మూణ్నాలుగు రోజులు మాత్రమే. మిగతా ఏడాదంతా అది కోర్ ప్రాంతం, ఎవరికీ ప్రవేశం లేదు. ఫర్హాబాద్ గేటు నుంచి రాంపూర్ పెంట వైపు వాహనాలు వెళ్తాయి. అక్కడి నుంచి లోయలోకి నాలుగైదు కిలోమీటర్ల నడక. దారి రాళ్లమయం, చివర ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. చివరికి రెండు కొండల మధ్య ఎత్తు నుంచి పడే జలధార, గుండం, పక్కన గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే.

"వస్తున్నం వస్తున్నం లింగమయ్యా" అంటూ దిగుతారు, "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. ఈ కేకలకు భక్తితో పాటు ఉపయోగమూ ఉంది. ఇరుకు మలుపుకు అవతల ఎదురొచ్చేవాళ్లకు మీరు వస్తున్నారని తెలుస్తుంది.

ఏప్రిల్ ఎండ, రద్దీ, ఎక్కుడు. ప్రమాదాలు ఈ మూటి నుంచే వస్తాయి. తెల్లవారగానే దిగి, పదకొండులోపు పైకి వచ్చేయండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, అడుగు జారని బూట్లు. రబ్బరు చెప్పులతో దిగినవాళ్లు తడి రాళ్ల మీద జారతారు. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు దిగకండి. దిగడం తేలికే, ఎక్కడమే పరీక్ష, మధ్యలో వైద్యం అందించడం చాలా కష్టం.

ఇష్టకామేశ్వరికి సొంత బండిలో వెళ్లొచ్చా?

వెళ్లలేరు. శ్రీశైలం నుంచి సుమారు 20 కిలోమీటర్లు. అందులో సగం రాళ్లు తేలిన అడవి బాట. అనుమతి ఉన్న జీపులే వెళ్తాయి, రోజుకు వాటి సంఖ్యకూ పరిమితి ఉంటుంది. శ్రీశైలం చేరిన రోజే మర్నాటి సంగతి కనుక్కుని పేర్లు రాయించుకోండి. జీపు దిగాక ఇంకా కొంత నడవాలి. వంగి లోపలికి వెళ్లాల్సిన చిన్న గుడి, దీపం వెలుగులో అమ్మవారు. నుదుట బొట్టు పెడితే మనిషి చర్మంలా మెత్తగా తగులుతుందని భక్తుల నమ్మకం. లోపల ఒకసారికి కొద్దిమందే పడతారు కాబట్టి ఎవరి వంతు వాళ్లు త్వరగా ముగించాలి.

కుదుపులు మామూలువి కావు. గర్భిణులు, వెన్ను, మెడ నొప్పి ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు మానుకోవాలి. వీళ్లు బయల్దేరి సగం దారిలో వెనక్కి తిప్పమంటే జీపులో మిగతావాళ్ల యాత్ర కూడా ఆగిపోతుంది.

శివరాత్రికి నడిచి వెళ్లే అడవి దారి ఏది?

ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను మీదుగా శ్రీశైలం దగ్గరి కైలాస ద్వారం దాకా. సాధారణంగా రెండు రోజుల నడక. శివరాత్రికి, ఉగాదికి అటవీశాఖ అనుమతించిన రోజుల్లోనే నడవాలి. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాటాక కనిపించే పాత మెట్లను చూసి నడవండి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. ఉగాదికి కన్నడ భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి సారె మోసుకుంటూ ఇదే అడవిలో నడుస్తారు.

భీముని కొలను దగ్గర నిటారుగా దిగి, మళ్లీ అంతే నిటారుగా ఎక్కాలి. మోకాళ్లు అక్కడే దెబ్బతింటాయి, చేతికర్ర తప్పనిసరి. కొత్త బూట్లతో రాకండి, పెద్దచెరువు చేరకముందే బొబ్బలు ఎక్కుతాయి. నెల రోజులు వాడినవి వేసుకోండి. రెండు జతల మేజోళ్లు, కాలివేళ్ల మధ్య కొబ్బరినూనె. చీకటి పడ్డాక గుంపు విడిచి ఒంటరిగా నడవొద్దు.

అహోబిలంలో తొమ్మిది నరసింహాలూ ఒక్కరోజులో అవుతాయా?

కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు అవుతాయి, కానీ పరుగే మిగులుతుంది. రెండు రోజులు పెట్టుకోండి. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం 8 కిలోమీటర్లు. మొదటి రోజు పొద్దున్నే ఎగువకు చేరి అహోబిల, వరాహ, మాలోల, జ్వాలా నరసింహులను చూడండి. ఎండ ముదరకముందే జ్వాలా దాకా ఎక్కేయాలి. భవనాశిని వాగు దాటుతూ, రాళ్ల మీదుగా, మెట్ల మీదుగా దారి. జ్వాలా దగ్గర కొండచరియ మీది నుంచి నీరు నడిచేవాళ్ల నెత్తిన జల్లులా పడుతుంది, రాయి నాచు పట్టి ఉంటుంది. కడ్డీ వదలకండి. పక్కనే రక్తకుండం. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి చేతులు కడుక్కున్నది అక్కడేనని చెబుతారు.

రెండో రోజు కారంజ, యోగానంద, ఛత్రవట, భార్గవ నరసింహులు, జీపులో పావన నరసింహుడు. వానాకాలంలో వాగు పొంగితే జ్వాలా దారి ఆపేస్తారు. అరగంటలో నీరు మోకాలి నుంచి నడుము దాకా వస్తుంది, పైన కొండ మీద పడిన వాన కింద ఉన్నవాళ్లకు కనపడదు. నీరు ఎర్రబడినా, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి.

నరసింహుడు వెలువడిన స్తంభమని భక్తులు నమ్మే కొండ శిఖరం ఉగ్రస్తంభం. అది ఎక్కాలంటే గైడు లేకుండా వద్దు. జ్వాలా తర్వాత అక్కడికి సరైన దారి లేదు. వేళ్లు, రాళ్లు పట్టుకుని ఎక్కాలి. పైన నిలబడేందుకు చోటు తక్కువ.

ఎగువ గుడి మధ్యాహ్నం కాసేపు మూస్తారు. గుడి వేళలు ఆ రోజు దిగువలోనే అడిగి బయల్దేరండి.

చెంచు గూడేలకు వెళ్లి చూడొచ్చా?

చూడడానికని వెళ్లకూడదు. అవి వాళ్ల ఇళ్లు. ఇక్కడి అడవి తెలిసినవాళ్లలో చెంచులను మించినవాళ్లు లేరు. అటవీశాఖ వాచర్లలో, ట్రాకర్లలో చాలామంది వాళ్లే. ఊళ్ల పేర్ల చివర వచ్చే "పెంట" అంటే చెంచుల చిన్న ఆవాసమే, దోమలపెంట లాగా. చెంచులకు శ్రీశైలం మల్లన్న చెంచు మల్లయ్య. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడిన ఇంటి అల్లుడు. కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా అహోబిలం స్వామి పల్లకీలో ఊరూరా తిరిగి తన కల్యాణానికి పిలుస్తాడు. దాన్నే పారువేట అంటారు. ఆ రోజుల్లో వెళ్తే ఉత్సవమూర్తి ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కుని వెళ్లండి, కొండ మీది దర్శనానికి దీటైన అనుభవం.

గూడెం మీదుగా వెళ్లాల్సి వస్తే ఫొటోలు తీయకండి, పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు విసరకండి. పని ఇవ్వాలనుంటే గైడుగా చెంచు కుర్రవాణ్ణి పెట్టుకుని, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.

శ్రీశైలం గుడిలో అడవికి సంబంధించినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, చాలామంది తల ఎత్తి చూడకుండా క్యూలోకి పోతారు. ప్రాకారం గోడ బయటివైపు రాళ్ల వరుసలన్నీ శిల్పాలే. వేట దృశ్యాలు, ఏనుగులు, గుర్రాలు, శివలీలలు. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ తూర్పు గోడ వెంట నడవండి. మధ్యాహ్నం నీడలు లేక శిల్పం చదునుగా కనిపిస్తుంది. ఉత్తర గోపురం 1677లో ఇక్కడికి వచ్చిన ఛత్రపతి శివాజీ కట్టించినది.

దోర్నాల దారిలోని శిఖరేశ్వరం 2,830 అడుగుల ఎత్తున ఉంది. నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూడడం ఆనవాయితీ. అదే చోట నుంచి చుట్టూ అడవి కూడా చూడండి. మబ్బు లేని ఉదయం అడవి ఎంత పెద్దదో అక్కడే తెలుస్తుంది.

అక్కమహాదేవి గుహలకు పడవ ఎప్పుడు?

పాతాళగంగ రేవు నుంచి జలాశయం మీదుగా పడవ వెళ్తుంది, ఉదయం ట్రిప్పు మంచిది. గాలి ఎక్కువైనా, వరద ఉన్నా, సరిపడా జనం లేకపోయినా కదలదు. కాబట్టి అదే రోజు తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. 12వ శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి తపస్సు చేసిన చోటని నమ్మకం. గుహ లోపల లింగం దాకా దారి ఒక్కరు పక్కకు తిరిగితేనే పట్టేంత ఇరుకు, చీకటి. ఇరుకు చోట ఊపిరాడదని భయపడేవాళ్లు బయట రాతి తోరణం దగ్గరే ఆగండి, అది కూడా చూడదగ్గదే. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. టార్చి ఉండాలి.

కోతులకు అరటిపండ్లు పెడితే పుణ్యం కదా?

పెట్టకండి. రోడ్డు పక్కన తిండి దొరుకుతుందని తెలిశాక కోతులు అడవి లోపలికి పోవడం మానేస్తాయి. బండి ఆగిన చప్పుడికి పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికి వస్తాయి, వెనక వచ్చే బండి కింద పడతాయి. మీరు విసిరిన పండు రోడ్డు అవతల పడితే దాన్ని చంపింది ఆ విసురే. పైగా అడవిలో పండు తిని గింజలు దూరంగా వెదజల్లే పని కోతిది. రోడ్డు మీద కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. పుణ్యం కావాలంటే శ్రీశైలంలో అన్నదానానికి ఇవ్వండి.

ఏం తీసుకెళ్లకూడదు? కర్పూరం, అగరుబత్తి వెలిగించవచ్చా?

ప్లాస్టిక్ సంచులు, ఒక్కసారి వాడి పడేసే సీసాలు చెక్‌పోస్టు దగ్గరే ఆపేస్తారు. స్టీలు సీసా, గుడ్డ సంచి తెచ్చుకోండి. ఉప్పు, తీపి అంటిన కవరును దుప్పి సంచితో సహా మింగేస్తుంది. అది కడుపులో ఉండలా చుట్టుకుని, మేత దిగక నెమ్మదిగా చస్తుంది. డ్రోన్, మద్యం, పేలుడు సామగ్రి, పెంపుడు కుక్క వద్దు. కుక్కల జబ్బులు రేచుకుక్కలకు, పులులకు కూడా అంటుకుంటాయి.

ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు మాట ఎత్తొద్దు. ఎండుటాకు మోకాలి లోతు ఉంటుంది. గుళ్లో వెలిగించండి, చెట్టు మొదట్లో, పుట్ట దగ్గర, రాతి కింద వద్దు. రోడ్డు పక్కన వంటలు, ఆర్పని బీడీ ముక్క వల్లే ఎక్కువ మంటలు లేస్తాయి. పొగ కనిపిస్తే ఆర్పడానికి దిగకుండా దగ్గరి చెక్‌పోస్టులో చెప్పండి.

దారిలో ఎలుగుబంటి ఎదురైతే?

నల్లమలలో మనుషులకు ఎక్కువ ప్రమాదం పులి కన్నా ఎలుగుతోనే. దానికి చూపు మందం, అకస్మాత్తుగా దగ్గరైతే భయంతో మీద పడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే తెల్లవారుజామున, చెదపుట్టలు తవ్విన చోట్ల జాగ్రత్త. నడుస్తూ మామూలు గొంతుతో మాట్లాడుకోండి. ఎదురైతే పరుగెత్తకండి, చెట్టెక్కకండి, అది మీకన్నా బాగా ఎక్కుతుంది. ముఖం దానివైపే ఉంచి మెల్లగా వెనక్కి జరగండి. పక్కన పిల్లలుంటే తల్లి ఆగదు, దూరం పెంచడమే మార్గం.

వానల తర్వాత పిడుదులు కూడా ఉంటాయి. సాయంత్రం చంకలు, మోకాలి మడతలు, చెవుల వెనక వెతికి, పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగేయండి. సిగరెట్టుతో కాల్చొద్దు.

హైదరాబాద్ నుంచి రెండే రోజులు ఉంటే?

మొదటి రోజు తెల్లవారి 5కి బయల్దేరి, 8:30కల్లా మన్ననూరు. ఫర్హాబాద్ సఫారీ. ఆ తర్వాత వటవర్లపల్లి దగ్గర మలుపు తిరిగి మల్లెలతీర్థం. దాదాపు 350 మెట్లు దిగాలి, వేసవిలో ధార పలచబడుతుంది. మధ్యాహ్నం 3కి అక్కడి నుంచి కదిలి, వెలుతురు ఉండగానే శ్రీశైలం. రెండో రోజు తొలి దర్శనం, ప్రాకారం, సాక్షిగణపతి, పాలధార–పంచధార, శిఖరేశ్వరం. 2 గంటలకల్లా తిరుగు ప్రయాణం. ఇష్టకామేశ్వరి కావాలంటే మల్లెలతీర్థం వదిలేసి రెండో రాత్రి కూడా ఉండండి.

ఇంటికి ఏం తెచ్చుకోవచ్చు?

గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె కొనండి. చెంచులు కొండచరియల మీది నుంచి తాళ్లతో దిగి, చీకట్లో పొగ పెట్టి తీసిన తేనె అలా అంగట్లోకి వస్తుంది. రోడ్డు పక్కన తేనెపట్టు ముక్క వేసి చూపించి అమ్మే సీసాల్లో చక్కెర పాకం కలపడం మామూలే. నెమలి ఈకలు, ముళ్లపంది ముళ్లు, పులిగోరు అని అమ్మచూపేవి ముట్టుకోకండి. పులిగోరు అసలుదైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు, నకిలీ అయితే డబ్బు దండగ. అడవిలో రాలిన కొమ్ము, రాయి, మొక్క కూడా తీసుకోవద్దు. రాలిన కొమ్మును ముళ్లపంది సున్నం కోసం కొరుక్కు తింటుంది.